పిప్పిలోంచి తీసిన ఫినాల్

వైజాగ్ దగ్గర పరవాడలో మందుల కంపెనీల మధ్య గుణశేఖర్ పెట్టిన ఫ్యాక్టరీ చాలా చిన్నది. అయినా కొత్తవాళ్ళకి దారి చెప్పడం తేలిక. వెనక జాగాలో చెరకు పిప్పి గుట్టలుగా పోసి ఉండే చోటు ఆ చుట్టుపక్కల అదొక్కటే. పక్క కంపెనీల వాచ్‌మెన్లు దాన్ని పిప్పి కంపెనీ అనేవారు. లారీ డ్రైవర్లు కూడా ఆ పేరే అడుగుతూ వచ్చేవారు.

ఆ పిప్పి కంపెనీకి మొదటి ఉద్యోగి డాక్టర్ ప్రసన్నకుమారి. అక్కడ జరిగే పనంతా ఆమె చదువులోంచి పుట్టిందే. చెరకు గడ వంగిపోకుండా నిటారుగా నిలబడడానికి కారణం దాని ఒంట్లో ఉండే లిగ్నిన్ అనే పదార్థం. రసం పిండేశాక పిప్పిలో అది అలాగే మిగిలిపోతుంది. దాన్ని వేడితోనూ ఒత్తిడితోనూ విరగ్గొట్టి, వచ్చిన నూనెని సారా కాచినట్టు బట్టీ పడితే ఫినాల్ వస్తుంది. ప్లైవుడ్ అంటించే జిగురు దగ్గర్నుంచి తలనొప్పి బిళ్ళ దాకా ఎన్నిటికో కావలసిన సరుకది. లోకమంతా దాన్ని భూమిలోంచి తోడిన చమురు నుంచి చేస్తోంది. తోడిన చమురు మళ్ళీ ఊరదు, చెరకు మటుకు ఏటా పండుతుంది. మల్కాపురంలో రిఫైనరీ మంటని డాబా మీంచి చూస్తూ పెరిగిన ప్రసన్నకి, యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో ఈ సంగతి మనసులో పడింది. మరి వదల్లేదు. ఏళ్ళ తరబడి గాజు బుడ్డీల్లో చేసి చూసింది. చెరకు రైతుల ఇంట్లో పుట్టి వ్యాపారంలోకి వచ్చిన గుణశేఖర్ ఒక సభలో ఆమె మాట విని, “మనం చేద్దాం ప్రసన్నగారూ” అన్నాడు. అలా మొదలైంది.

వీర్రాజు వాళ్ళ దగ్గర పనికి కుదిరిన తొలి జట్టులో మనిషి. అనకాపల్లి అవతల పల్లె. ఉన్న కాస్త పొలంలో చెరకు వేసేవాడు, సీజన్లో చక్కెర మిల్లులో పైపుల దగ్గర పని చేసేవాడు. మిల్లు పని ఆగిపోయాక ఇక్కడికి వచ్చాడు. నలభై దాటిన మనిషి, నవ్వితే పై పళ్ళ మధ్య సందు కనిపించేది. చేతిలో రెంచి లేకపోతే ఏదో పోగొట్టుకున్నవాడిలా ఉండేవాడు.

కొత్తవాళ్ళు చేరిన రోజు గుణశేఖర్ వాళ్ళందరినీ పిప్పి గుట్ట దగ్గరికి తీసుకెళ్ళి తలో గుప్పెడు చేతుల్లో పెట్టాడు. “ఇది మీ పొలంలోదే. పొయ్యిలో తగలెట్టేది. ఇప్పుడు దీన్నుంచి మందులకీ జిగురుకీ కావలసిన సరుకు తీస్తాం” అన్నాడు. వీర్రాజు ఆ గుప్పెడు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, “మా సెరుకే బాబూ” అన్నాడు. అతని మొహంలో ఆ క్షణాన కనిపించిన గర్వం చూసి ప్రసన్న కూడా ఒక గుప్పెడు తీసి వాసన చూసింది.

ఆ తర్వాత పాఠం చెప్పింది ప్రసన్న. ఫినాల్ ఒంటి మీద పడితే ఏం చేస్తుందో ఏమీ దాచకుండా చెప్పింది. పడిన చోట చర్మం మొద్దుబారిపోతుంది, అందుకని మొదట నొప్పి తెలియదు. నొప్పి లేదు కదా అని ఊరుకుంటే చర్మంలోంచి రక్తంలోకి దిగిపోతుంది, గుండెనీ మెదడునీ పట్టుకుంటుంది. రెండు అరచేతులంత మేర పడ్డా ప్రాణం మీదికి వస్తుంది. అందుకే రబ్బరు సూటు, చేతికి గ్లోవ్స్, మొహానికి అడ్డం. పడితే వెంటనే షవర్ కిందికి, వెంటనే బట్టలు విప్పేయాలి, వెంటనే తనని పిలవాలి.

అందరూ బుద్ధిగా విన్నారు. చివర్లో వీర్రాజు అన్నాడు: “అది పెట్రోలుతో సేసేవోళ్ళ సంగతి మేడం. మనది సెరుకు గదా.”

అంతా నవ్వారు. ప్రసన్నకి కూడా నవ్వు వచ్చింది. “చెరకైనా సరే, సూటు వేసుకోండి” అంది.

వేసుకున్నారు, కొన్నాళ్ళు. వైజాగ్ ఉక్కపోతలో రబ్బరు సూటు తొడుక్కుని స్టీము పైపుల మధ్య నిలబడ్డం ఎంత నరకమో ఆమెకీ తెలుసు. సూటు లేకుండా చూసినప్పుడల్లా కేకలేసేది. కేకలేసినంతసేపు తొడుక్కునేవారు, ఆమె ల్యాబులోకి వెళ్ళగానే మేకుకి తగిలించేవారు. దానికి తోడు గుణశేఖర్ గోడ మీద పచ్చని ఆకు బొమ్మ వేయించి, కింద ‘పొలం నుంచి పుట్టిన రసాయనం’ అని రాయించాడు. డ్రమ్ముల మీద కూడా అదే ఆకు. ప్రమాదం అని చెప్పే పుర్రె గుర్తు దాని పక్కన చిన్నదిగా కనిపించేది. “ఆకు మరీ పెద్దదైంది సార్” అని ఆమె ఒకసారి అంది. “రెండూ ఉన్నాయి కదండీ” అన్నాడు అతను. అతని మాటా నిజమే. ఆమె ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ రోజు పొద్దున్న బాయిలర్ ఆగింది. ఫినాల్‌కి ఒక గుణం ఉంది. చలికాలం కొబ్బరినూనె పేరుకున్నట్టు, అది మన ఊళ్ళ ఎండాకాలం గాలిక్కూడా పేరుకుపోతుంది. అందుకని అది పారే పైపు చుట్టూ సన్నటి స్టీము గొట్టం చుట్టి ఎప్పుడూ వేడిగా ఉంచుతారు. బాయిలర్ ఆగేసరికి పైపులో సరుకు గడ్డకట్టింది. బాయిలర్ మళ్ళీ అందుకున్నాక మిగతా పైపంతా కరిగింది గాని ఒక వంపు దగ్గర మూసుకుపోయి ఉండిపోయింది. దాన్ని తెరవాలంటే ముందు ల్యాబుకి చెప్పాలి. వెనక ఒత్తిడి ఎంతుందో చూడాలి. చక్కెర మిల్లులో ఇలాంటి పైపులు ఎన్నో విప్పిన వీర్రాజుకి ఇంత చిన్న పనికి ఎవరినో పిలవడం నామోషీ అనిపించింది. గ్లోవ్స్, కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. సూటు మేకుకే ఉంది.

నాగబాబు అనే తోటి పనివాడు పక్కన నిలబడి ఉండగా రెండు బోల్టులు వదులు చేశాడు. గడ్డ ఒక్కసారిగా జారింది. వెనకనున్న వేడి సరుకు చిమ్ముకొచ్చి అతని కుడి తొడ మీదా పొత్తికడుపు మీదా పడింది.

“బావా, షవర్ కాడికి ఎల్లిపో” అన్నాడు నాగబాబు.

వీర్రాజు గుడ్డ తీసుకుని తుడుచుకున్నాడు. “నొప్పేటి నేదురా. కొంచెం సల్లసల్లగుంది, అంతే. పేంటు మార్సుకుని వొచ్చెత్తాను, నువ్వు బోల్టులు బిగించీ.”

పేంటు మార్చుకుని నిజంగానే తిరిగి వచ్చాడు. వచ్చి మళ్ళీ రెంచి పట్టుకున్నాడు. ప్రసన్న ఏదో శాంపిల్ కోసం అటుగా వచ్చి, నేల మీద మరకా నాగబాబు మొహమూ చూసి అడిగింది. నాగబాబు నసుగుతూ చెప్పాడు.

“ఎక్కడ పడింది?” అంది వీర్రాజు వైపు తిరిగి.

“కొంచెం కాలి మీద మేడం. నొప్పేటి నేదు.”

ఆ మాట వినేసరికి ఆమె అతని మోచెయ్యి పట్టుకుని షవర్ కిందికి లాక్కెళ్ళింది. నీళ్ళు వదిలి, కత్తెరతో పేంటు నిలువునా కోసేసింది. “మీరెందుకు మేడం, నాగబాబు సేత్తాడు” అని అతను సిగ్గుతో పక్కకి తిరగబోయాడు. తొడ మీద చర్మం ఉడికిన గుడ్డు తెల్లసొనలా పాలిపోయి ఉంది. అంచులు గోధుమరంగుకి తిరుగుతున్నాయి. ఫినాల్‌ని చర్మం మీంచి లాగేసే ద్రవం ఒకటి ఎప్పుడూ అక్కడ సీసాల్లో సిద్ధంగా ఉంటుంది. ఆమె దాంట్లో దూది మీద దూది తడిపి తుడుస్తూనే ఉంది. అంబులెన్సు అని ఎవరి మీదో కేకేసింది. వీర్రాజు ఆమె తలవైపు చూస్తూ, “మేడం, సెవుల్లో ఏటో మోగతంది” అన్నాడు. తర్వాత అతని దవడ బిగుసుకుంది. ఒళ్ళంతా కొట్టుకోవడం మొదలైంది.

గాజువాక ఆసుపత్రిలో డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. గుండె ఒకసారి ఆగితే మళ్ళీ నడిపించారు. రెండోసారి నడవలేదు.

శవాన్ని పోస్టుమార్టానికి పంపాక గుణశేఖర్, ప్రసన్న కారులో కూర్చున్నారు. డ్రైవర్ని టీకి పంపేశాడు గుణశేఖర్. ఏడ్చిన మనిషేనని తెలుస్తోంది. దుర్మార్గుడు కాడు అతను. వీర్రాజు కూతురి కాలేజీ సీటు కోసం స్వయంగా వెళ్ళి మాట్లాడి వచ్చినవాడు.

“అతనికి బీపీ ఉంది. మందులు సరిగా వేసుకునేవాడు కాదట” అన్నాడు.

ప్రసన్న అతని వైపు తిరిగింది.

“ఫ్యాక్టరీల ఇన్స్‌పెక్టర్ వస్తాడు. కొంచెం మీద పడింది, వెంటనే కడిగేశాం, తర్వాత గుండెపోటు వచ్చింది. ఇందులో అబద్ధమేముంది ప్రసన్నగారూ? గుండె ఆగిందనే కదా డాక్టరూ రాసింది.”

“గుండె ఆగింది నిజమే సార్. ఎందుకు ఆగిందో మనిద్దరికీ తెలుసు.”

“తెలుసు. నాకూ తెలుసు.” అతని గొంతు పెరగలేదు, ఇంకా తగ్గింది. “కాని చుట్టూ చూడండి. ఇక్కడ ఎన్ని కంపెనీల్లో ఎంతమంది పోలేదు? అవన్నీ నడుస్తున్నాయి. మనం చిన్నవాళ్ళం. మనది మూసేస్తే మళ్ళీ తెరుచుకోదు. పిప్పితో ఏం చేస్తార్రా అని నవ్వినవాళ్ళంతా చూశారా అంటారు. చమురు లేకుండా చేద్దామని మీరు పడ్డ కష్టమంతా ఒక్క మనిషితో...” అని ఆగిపోయాడు.

ఆ మాటల్లో కొంత తన మనసులోదే అని ప్రసన్నకి తెలిసింది. ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నప్పుడు, వీర్రాజు ఇంకా బతికుండగానే, ప్లాంటు ఏమైపోతుందోనన్న ఆలోచన ఒకసారి వచ్చి పోయింది. దానికి తనని తను అసహ్యించుకుంది. “నేను ఆలోచించుకోవాలి సార్” అని కారు దిగిపోయింది.

ఇంటికి వెళ్ళేసరికి తండ్రి యోహాన్ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పోర్టులోనూ కంపెనీల్లోనూ పైపులు బిగించే పని చేసి ఒళ్ళు అలిసిన మనిషి. వార్త ఆయనకి అప్పటికే అందింది. ఇలాంటిది ఏ మూల జరిగినా మల్కాపురానికి కబురు ముందే వచ్చేస్తుంది. కూతురు చెప్పిందంతా విన్నాడు. బీపీ సంగతి కూడా విన్నాడు.

“నిజం సెప్తే మూసెత్తారా?” అన్నాడు.

“మూసేస్తారు నాన్నా. కొన్నాళ్ళో, శాశ్వతంగానో.”

“ఎంతమంది పని సేత్తన్నారు?”

“నలభై మంది.”

ఆయన చాలాసేపు మోకాళ్ళు రాసుకుంటూ కూర్చున్నాడు. ఏది చెయ్యమనీ చెప్పలేదు. ఆయన కూడా నలభై ఇళ్ళ గురించే ఆలోచిస్తున్నాడని ఆమెకి అర్థమైంది. కాసేపటికి అన్నాడు: “ఆపీసోళ్ళకి ఏటి సెప్తావో తరవాత సూసుకోమ్మా. ముందు ఆ మనిసి పెళ్ళాం కాడికి ఎల్లు. ఆళ్ళ మనిసి ఎలగ పోనాడో ఆళ్ళకి ఎవులో ఒకులు సెప్పాల గదా.”

చిన్నకర్మ అయిన మర్నాడు ప్రసన్న అనకాపల్లి అవతలి పల్లెకి బస్సులో వెళ్ళింది. వీర్రాజు ఇల్లు ఊరి చివర, చెరకు తోటకి ఆనుకుని ఉంది. వాకిట్లో చుట్టాలు ఇంకా కూర్చునే ఉన్నారు. కంపెనీ మేడం అని తెలియగానే మాటలు ఆగిపోయాయి. ఒక ముసలామె మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. వీర్రాజు భార్య నాగమణి మటుకు లేచి వచ్చి పీట వేసింది. సన్నగా, పొడుగ్గా ఉంది. కళ్ళు ఎండిపోయి ఉన్నాయి.

“మిమ్మల్ని గురించి సెప్పీవోడండి” అంది. “మా మేడం కేకలెయ్యకపోతే ఒక్కడూ మాట ఇనడు అనీవోడు.”

ప్రసన్న ఏం చెప్పాలనుకుని వచ్చిందో ఆ మాటతో అంతా చెదిరిపోయింది. తలొంచుకుని కూర్చుంది.

“గుండెపోటని ఆపీసునుంచి వొచ్చినోళ్ళు సెప్పినారండి” అంది నాగమణి. “నీళ్ళు పోసినప్పుడు నాను సూసినాను. తొడ మీద సర్మం లేదు. గుండెపోటైతే తొడ కాలదు గదండీ.”

“గుండెపోటు కాదమ్మా” అంది ప్రసన్న. “మేం అక్కడ తీసే ఫినాల్ ఆయన మీద పడింది. అది చర్మంలోంచి ఒంట్లోకి వెళ్ళి గుండెని ఆపింది. వెంటనే షవర్ కిందికి వెళ్ళి, నన్ను పిలిచి ఉంటే బతికేవాడేమో. బతుకుతాడని నమ్మకంగా చెప్పలేను. బాయిలర్ ఆగినప్పుడు ఆ పైపు మూసుకుపోతుందని నాకు తెలుసు. అక్కడ ఇంకో వాల్వు పెట్టమని గట్టిగా అడగాల్సింది. సూటు లేకుండా ఆ పక్కకి ఎవరూ వెళ్ళకుండా చూడాల్సింది. చూడలేదు.”

వాకిట్లో ఎవరో పెద్దాయన ఏదో అనబోతే నాగమణి చేత్తో ఆపింది. ఆమె దేని గురించో గట్టిగా ఆలోచిస్తోంది.

“సెరుకులోంచే గదండీ అది తీసినారు?”

“అవునమ్మా.”

“ఈ సెరుకే గదా?” అని ఇంటి వెనక తోట వైపు చెయ్యి చూపించింది. “పిల్లలు నమిలి ఉమ్మీసీది. గేదికి ఏసీది. మరి దాంట్లోంచి వొచ్చింది మనిసిని ఎలగ సంపుద్దండీ?”

కాలేజీలోనూ సభల్లోనూ ప్రసన్నని ఎంతోమంది ఎన్నో ప్రశ్నలు అడిగారు. ఇది మటుకు ఎవరూ అడగలేదు.

“చెరకులో అది ఉండదమ్మా. చెరకుని విరగ్గొట్టి, కాచి, మేం చేస్తాం. చేశాక అది చెరకు కాదు. భూమిలో చమురు నుంచి చేసిన ఫినాలూ, మీ తోటలో చెరకు నుంచి చేసిన ఫినాలూ పక్కపక్కన పెడితే ఏది ఏదో నేను కూడా చెప్పలేను. రెండూ ఒక్కటే. ఎక్కణ్ణుంచి వచ్చిందో దానికి గుర్తుండదు. చెరకు వాడితే భూమికి మంచిది, గాలికి మంచిది. దాన్ని పట్టుకునే మనిషికి మటుకు తేడా ఏమీ లేదు. ఈ సంగతి మేం సరిగ్గా చెప్పలేదు. చెరకు, చెరకు అని అందరం మురిసిపోయాం.”

నాగమణి తల ఊపింది. తర్వాత చాలా చిన్నగా అడిగింది: “ఎక్కువ నొప్పి పడినాడేటండీ?”

“లేదమ్మా. పడిన చోట మొద్దుబారిపోతుంది. ఆయనకి నొప్పి తెలియలేదు.”

అప్పుడు నాగమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పటిదాకా ఎండిపోయిన కళ్ళు ఒక్కసారి నిండిపోయాయి. ప్రసన్న దగ్గరికి జరగబోయి, ఆ హక్కు తనకి ఉందో లేదో తెలియక ఆగిపోయింది. బయలుదేరుతుంటే నాగమణి కూతురు గ్లాసుతో మజ్జిగ తెచ్చి చేతిలో పెట్టింది. వద్దనలేక తాగింది.

ఇన్స్‌పెక్టర్ వచ్చినప్పుడు ప్రసన్న జరిగింది జరిగినట్టు చెప్పింది. వాల్వు సంగతి, సూట్ల సంగతి, తన తప్పుతో సహా చెప్పింది. గుణశేఖర్ పక్కనే కూర్చుని ఉన్నాడు. ఆమె చెప్పడం అయిపోయాక ఇన్స్‌పెక్టర్ అతని వైపు తిరిగి, “మీరేమంటారు?” అని అడిగాడు. గుణశేఖర్ తన చేతులకేసి చూసుకుంటూ, “ఆవిడ చెప్పిందే” అన్నాడు.

ఉత్తర్వు వచ్చింది. ప్లాంటు ఆగిపోయింది. పెట్టుబడి పెడతామన్న బెంగళూరు వాళ్ళు ఫోన్లు ఎత్తడం మానేశారు. పిప్పి గుట్టలు ఎండకి వెలిసి, వానకి నల్లబడ్డాయి. జనం చెదిరిపోయారు. ఒకరోజు గాజువాక బజార్లో నాగబాబు కనిపించాడు. పోర్టులో కూలికి వెళ్తున్నానన్నాడు. ఆమె మొహంలోకి సూటిగా చూడలేదు.

“తప్పు నాది కూడా ఉంది మేడం. బావని లాక్కెల్లి షవర్ కింద నిలబెట్టాల్సింది. కానీ...” భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. “ఇంట్లో బియ్యం లేనప్పుడు మీ మీద కోపమొత్తంది. దాయలేను.”

“దాచక్కర్లేదు” అంది ప్రసన్న.

గుణశేఖర్ కూడా నెలల తరబడి ఆమెతో మాట్లాడలేదు. వానలు వెనకపట్టాక ఒక సాయంత్రం చెప్పకుండా మల్కాపురం ఇంటికి వచ్చాడు. చిక్కిపోయాడు. యోహాన్ ఇచ్చిన టీ తాగుతూ, గోడ మీద బైబిలు వాక్యాల క్యాలెండర్ని చూస్తూ కూర్చున్నాడు.

“మీ మీద చాలా కోపంగా ఉండేదండీ” అన్నాడు. “ఇన్స్‌పెక్టర్ ముందు కాదని అందామనే వచ్చి కూర్చున్నాను ఆ రోజు. నోరు పెగల్లేదు. పోనీలెండి. వాల్వులు మార్చితే, రెండో బాయిలర్ పెడితే మళ్ళీ నడుపుకోవచ్చంటున్నారు. మీరేమంటారు?”

ప్రసన్న ఈ నెలలన్నీ దాని గురించే ఆలోచించింది. “ఫినాల్ వద్దు సార్” అంది.

అతను కప్పు కింద పెట్టాడు.

“బట్టీ పట్టకుండా ముందే ఆగిపోదాం. లిగ్నిన్ విరిగినప్పుడు వచ్చే నూనె ఉంది కదా, దాన్ని అలాగే ప్లైవుడ్ జిగురులో కలపొచ్చు. నల్లగా ఉంటుంది. జిగురు చేసేవాళ్ళకి అంతగా నచ్చదు. చమురు ఫినాల్‌లో సగానికి బదులు వాడుకోగలరు, అంతే, పూర్తిగా కాదు. కాని ఆ వేడి పైపు ఉండదు. స్వచ్ఛమైన ఫినాల్ మన దగ్గర ఎక్కడా ఒక చోట పోగుపడదు.”

“చమురు లేకుండా చేద్దామని కదా మీరు మొదలెట్టింది.”

“అవును.”

“అందులో పెద్ద మార్కెట్ లేదు.”

“లేదు సార్.”

అతను లేచి వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. రిఫైనరీ మంట ఎర్రగా మబ్బులకి తగులుతోంది. వెనక్కి వచ్చి, “ప్లైవుడ్ వాళ్ళలో నాకు తెలిసినవాడు ఒకడున్నాడు, మాట్లాడి చూస్తాను” అని మటుకు అన్నాడు.

వేసవి మొదట్లో ప్లాంటు తిరిగి తెరుచుకుంది. పాత జట్టులో సగం మందే వచ్చారు. నాగబాబు వచ్చాడు. వీర్రాజు ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తామని కంపెనీ ఒప్పుకుంది. కూతురు చదువు ఆపేసి వస్తుందేమోనని ప్రసన్న భయపడింది. వచ్చింది నాగమణి. ఆఫీసులో ఫైళ్ళ పని చూపిస్తామంటే వద్దంది.

“నాకు పిప్పి పని తెలుసండి. ఆ జాగా సూసుకుంటాను.”

పిప్పి ఎండితే నిప్పంటుకుంటుంది, దుమ్ము రేగుతుంది. రోజూ తడుపుతూ ఉండాలి. లారీలు వస్తే ఏ గుట్ట మీద దించాలో చూడాలి. నాగమణి రెండు వారాల్లో ఆ జాగా మొత్తం చేతిలోకి తీసుకుంది. రియాక్టర్ షెడ్డు వైపు మటుకు ఎప్పుడూ వెళ్ళేది కాదు. ప్రసన్న కూడా రమ్మనలేదు.

కొత్త నూనె మొదటి డ్రమ్ములు లారీ ఎక్కే రోజు గుణశేఖర్ చిన్నగా కొబ్బరికాయ కొట్టించాడు. బ్యానర్లు లేవు, ఫొటోలు తీయించలేదు. కాయ కొట్టాక వీర్రాజు పేరు చెప్పబోయాడు. చెప్పలేక లోపలికి వెళ్ళిపోయాడు. డ్రమ్ములు ఎక్కుతుంటే ప్రసన్న చుట్టూ చూసింది. నాగమణి అక్కడ లేదు. ఆమెని వెతుక్కుంటూ వెనక జాగాలోకి వెళ్ళింది. నాగమణి గుట్ట అంచున నిలబడి గొట్టంతో నీళ్ళు కొడుతోంది. తడిసిన పిప్పి తియ్యటి పులుపు వాసన వేస్తోంది.

“లారీ ఎల్లిపోనాదా అండీ?” అంది వెనక్కి తిరక్కుండా.

“ఇంకా లేదు. ఎక్కిస్తున్నారు.”

“ఈ కొత్త నూనె ఒంటి మీద పడితే ఏటవుద్దండి?”

గుట్ట మీంచి నీళ్ళు వాళ్ళ కాళ్ళ దగ్గరికి పారుతున్నాయి. “కాలుతుంది. ఇందులోనూ ఫినాల్ ఉంది, కాకపోతే తక్కువ” అంది ప్రసన్న. “సబ్బుతో, నీళ్ళతో వెంటనే కడిగేసుకోవాలి. కడిగితే చంపదు. నాకు తెలిసినంతవరకు చంపదు.”

నాగమణి గొట్టం కిందికి దించింది.

“అలగే సెప్పండి దాన్ని పట్టుకునీవోళ్ళకి” అంది. “తెలిసినంతమట్టుకు అని కూడా సెప్పండి.”

గొట్టం ఎత్తి ఆ పక్క ఎండిన పిప్పి మీదికి తిప్పింది.